గాయాన్ని చూసినవాడి బాధ్యత

మన భాషలో ఆడదాన్ని బెదిరించటానికి వాడే మాటలు వరసగా రాసుకుని చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. చెంప పగలగొడతాను, మూతి పగలగొడతాను, పళ్లు రాలగొడతాను, ముక్కు కోస్తాను - అన్నీ ముఖానికి సంబంధించినవే. వీటిని మనం నోటిదురుసు కింద జమకట్టి ఊరుకుంటాం. కాని ఏ దంతవైద్య కళాశాలలోనయినా దవడలకు ఆపరేషన్లు చేసే విభాగానికి వెళ్లి, ఇంట్లో దెబ్బలు తిని వచ్చిన స్త్రీల కేసు షీట్లు చూస్తే ఈ బెదిరింపులే వైద్యుల పరిభాషలో కనిపిస్తాయి. చెంప ఎముక విరిగింది. కింది దవడ రెండు చోట్ల విరిగింది. ముందు పళ్లు ఊడిపోయాయి. ముక్కు దూలం పక్కకు జరిగింది. కంటిగూడు అడుగు పగిలి, ఒకటిగా ఉన్నది రెండుగా కనిపిస్తున్నది. తిట్టుకూ గాయానికీ మధ్య మనం ఊహించుకునేటంత దూరం లేదు.

ముఖం మీదనే ఎందుకు కొడతారంటే, కోపంలో చెయ్యి ఎక్కడ పడితే అక్కడ పడుతుందని చెప్పేవాళ్లున్నారు. నేనిది నమ్మను. ఆఫీసులో పై అధికారి మీద ఎంత కోపం వచ్చినా ఆ చెయ్యి లేవదు గదా! ఇంట్లోనయినా, బట్టల కింద దాగే చోట్లే చూసి కొట్టే మగవాళ్లు తక్కువమంది లేరు. అంటే కోపంలో కూడా లెక్క ఉన్నది. ముఖం మీద కొట్టటంలోనూ చాలాసార్లు ఒక లెక్క ఉంటుంది. పరువు పోయినవాణ్ణి మొహం చెల్లనివాడంటాం. పరువుగా బతికేవాడు మొహం ఎత్తుకు తిరుగుతున్నాడంటాం. ఆ మొహం మీద మచ్చ పడ్డాక ఆమె నలుగురిలోకి పోలేదు. పోయినా, తాను ఎవరి సొత్తో అందరికీ తెలిసేటట్టుగా పోవాలి. గొడ్డుకు వాత పెట్టినట్టు.

సుశ్రుత సంహితలో చెంప చర్మం తీసి తెగిన ముక్కును తిరిగి నిర్మించే పద్ధతి ఉన్నది. మన ప్రాచీన శస్త్రవైద్యం ఔన్నత్యాన్ని గురించి ఉపన్యసించేవాళ్లు దీన్ని తప్పకుండా చెబుతారు. అందులో గర్వించవలసింది లేకపోలేదు. కాని అతికే విద్య అంతగా పెరగటానికి అన్ని ముక్కులు ఎందుకు తెగాయన్న ప్రశ్న ఉపన్యాసకులు వెయ్యరు. ముక్కు కొయ్యటం శిక్షగా చెల్లుబాటైన సంఘంలో వైద్యుడు ముక్కు అతికాడు. కోసినవాడి జోలికి పోలేదు. శూర్పణఖ కథను వేల ఏళ్లు చెప్పుకున్నాం. ముక్కు తెగిన తరవాత ఆమె ఎలా బతికిందన్నది మన కథకులకు పట్టలేదు. ఓల్గా "విముక్త" లోని "సమాగమం" కథలో గాని మనకు ఆమె సొంత బతుకు కనిపించలేదు. ఆ పుస్తకానికి సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది 2015 లో.

నేనిక్కడ చర్చించదలచుకున్నది ఆ వైద్యుడి సంగతి. గాయాన్ని చూసి, బాగుచేసి, కారణం జోలికి పోకుండా ఉండేవాడు నీతిపరుడేనా?

సమస్యను ఉన్నదున్నట్టు చెబుతాను. రాత్రి పదకొండు గంటలకు క్యాజువాలిటీకి ఒక స్త్రీ వస్తుంది. ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంటుంది. పెదవి లోపలివైపు చిట్లి ఉంటుంది. పక్కన భర్త ఉంటాడు. "ఎలా తగిలింది?" అని అడిగితే, "బాత్‌రూములో జారి పడింది సార్" అని అతనే చెబుతాడు. ఆమె తల ఊపుతుంది. డ్యూటీ డాక్టరుకు సంగతి అర్థమవుతూనే ఉంటుంది. "జారి పడుట" అని కాగితం మీద రాస్తాడు. కుట్లు వేస్తాడు, సూది వేయిస్తాడు, నొప్పికి మాత్రలు రాసి పంపుతాడు. చేతినిండా పని ఉన్న మనిషి. ఆయన ఎవరికీ అపకారం చెయ్యలేదు. పైగా కుట్లు చక్కగా వేశాడు.

ఈ విషయం మీద నాకు ఒక వైద్య మిత్రుడితో చాలాకాలంగా వాదం నడుస్తున్నది. ఆయన చెడ్డవాడు కాదు, సోమరి అసలే కాడు. ఆయన వాదం మూడు మాటలు: మేము వైద్యులం గాని పోలీసులం కాము, రోగి తాను పడ్డానంటుంటే కాదనటానికి నేనెవణ్ణి, నిజం రాస్తే ఆమెకే ప్రమాదం.

మొదటి మాట ఎక్కువసేపు నిలవదు. మేకు గుచ్చుకున్నవాణ్ణి ఆ మేకు తుప్పు పట్టిందా అని అడుగుతారు. కుక్క కరిచి వస్తే వీధికుక్కా, పెంపుడు కుక్కా, తరవాత బతికుందా చచ్చిందా అని అడుగుతారు. అదంతా పోలీసు విచారణ అని ఎవరూ అనటం లేదు. కారణాన్నిబట్టి వైద్యం మారుతుంది గనక అడుగుతున్నారు. భర్త కొట్టిన దెబ్బకూ ఇదే వర్తిస్తుంది. ముఖం మీద గుద్దినవాడు గొంతు కూడా నులిమి ఉండవచ్చు. గొంతు నులిమినప్పుడు పైకి ఒక్క మచ్చయినా లేకపోవచ్చు. గొంతు బొంగురుపోవటం, మింగుతుంటే నొప్పి, కళ్లలో సన్నని ఎర్రచుక్కలు - ఇవే గుర్తులు. అడగనిదే ఆమె చెప్పదు, ఆయన చూడడు. ఇంటికి పంపిన తరవాత మెడలో వాపు పెరిగి ఊపిరి ఆడకపోవచ్చు. అంతేకాదు, ఒకసారి గొంతు పట్టుకున్నవాడి చేతిలో ఆమె చచ్చిపోయే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని ఈ విషయంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ముక్కు లోపల మధ్యగోడలో నెత్తురు గడ్డకట్టిందనుకోండి. దాన్ని వెంటనే తియ్యకపోతే లోపలి మృదులాస్థి చచ్చి ముక్కు కూలబడుతుంది. జారిపడినవాళ్లు ఆ రాత్రే వస్తారు. కొట్టినవాడి అనుమతి కోసం కాచుకున్న మనిషి నాలుగోరోజున వస్తుంది. అంచేత కారణాన్ని వదిలేసి గాయానికి మాత్రమే వైద్యం చేస్తాననేవాడు గాయానికి కూడా సరిగ్గా చెయ్యలేడు.

రెండో మాట దగ్గరే అసలు చిక్కు ఉన్నది. పడ్డానని ఆమే చెబుతున్నది నిజమే. కాని ఎవరి ఎదట చెబుతున్నది? కొట్టినవాడి ఎదట. ఎవరితో? మొదటి మాటకే "నువ్వు" అని సంబోధించే మనిషితో. (ప్రభుత్వాసుపత్రిలో పట్టుచీర కట్టుకు వచ్చినావిడ "మీరు", నేతచీర కట్టుకు వచ్చినామె "నువ్వు", మన వైద్య కళాశాలలలో దీన్ని ఎవరూ నేర్పకపోయినా అందరూ నేర్చుకుంటారు.) ఎక్కడ? రెండు మంచాల మధ్య జానెడు సందు లేని గదిలో, పదిమంది వింటూ ఉండగా. ఇన్ని ఏర్పాట్లు చేసి పెట్టి, ఆమె అబద్ధం చెప్పిందనటం న్యాయం కాదు. అబద్ధానికి చెప్పేవాళ్లూ వినేవాళ్లూ కూడా కావాలి. నమ్మనివాడు నమ్మినట్టు నటించినప్పుడే అది చెల్లుతుంది. ఆమెది ప్రాణభయంతో చెప్పిన అబద్ధం. ఆయనది శ్రమ తప్పించుకోవటానికి ఒప్పుకున్న అబద్ధం. రెంటినీ ఒక్క తక్కెడలో ఎలా తూస్తాం?

ఆ అబద్ధాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేశాక దాని స్వభావం మారిపోతుంది. నోటిమాటగా ఉన్నంతవరకు అది ఆమె రేపు దిద్దుకోగలది. డాక్టరు చేతి రాతగా మారినప్పుడు అది సాక్ష్యం. రెండేళ్ల తరవాత ఆమె ధైర్యం తెచ్చుకుని కోర్టుకు వెళితే, అవతలి ప్లీడరు మొట్టమొదట బయటికి తీసేది ఆ కాగితమే. "అప్పుడు జారిపడ్డానని నువ్వే చెప్పావా లేదా?" అంటాడు. తటస్థంగా ఉన్నాననుకున్న వైద్యుడు తనకు తెలియకుండానే ఒక పక్షం సాక్షి అయి కూచున్నాడు.

గాయం మాత్రం అబద్ధం చెప్పదు. మనిషి పడ్డప్పుడు ముందుగా నేల తగిలేవి పొడుచుకు వచ్చిన భాగాలు: నుదురు, ముక్కు కొస, గడ్డం. పడబోతూ చేతులు చాస్తాడు గనక అరిచేతులూ, మోకాళ్లూ దోక్కుపోతాయి. కన్ను గుంటలో ఉంటుంది. చెవి పక్కకు ఉంటుంది. పెదవి లోపలి భాగం పళ్లకూ గుద్దుకూ మధ్య నలిగితే అలా చిట్లుతుంది. కుడిచేతివాటం మనిషి ఎదురుగా నిలబడి కొడితే దెబ్బ ఎదుటి మనిషి ఎడమ చెంప మీద పడుతుంది. చెవి మీద అరచేత్తో కొడితే లోపల గాలి అదిమినట్టయి కర్ణభేరి చిరుగుతుంది; బాత్‌రూములో జారినవాళ్లకు కర్ణభేరి చిరగటం చాలా అరుదు. ఎక్స్‌రే తీస్తే పాత విరుగుడు అతుక్కున్న గుర్తు కనిపించవచ్చు. నల్లని చర్మం మీద కమిలిన మచ్చ తేలిగ్గా కనపడదు గనక, వెలుతురులో తాకి చూడాలి. ఇవేవీ గొప్ప విద్యలు కావు.

పైగా చట్టం కూడా ఈ ముఖం సంగతి ఏనాడో పట్టించుకున్నది. 1860 నాటి శిక్షాస్మృతి 320 వ సెక్షనులో "తీవ్రమైన గాయం" అంటే ఏమిటో ఎనిమిది రకాలు చెప్పారు. అందులో ఒకటి తలకు గాని ముఖానికి గాని శాశ్వతంగా వికృతి కలగటం. ఇంకొకటి ఎముక గాని, పన్ను గాని విరగటం, కీలు తప్పటం. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఇదే 116 వ సెక్షను. తీవ్రమైన నొప్పితో గడపవలసిన రోజులు 20 నుంచి 15 కు తగ్గించారు గాని మిగతాదంతా దాదాపు పాతదే. ఒక్క పన్ను ఊడినా అది చట్టం దృష్టిలో చిన్న దెబ్బ కాదన్నమాట. వైద్య విద్యార్థులందరూ ఈ ఎనిమిది రకాలనూ వల్లెవేసి పరీక్షలో రాస్తారు. ఆ తరవాత డ్యూటీలో, పన్ను విరిగిన స్త్రీకి ఊండ్ సర్టిఫికెట్‌లో "సింపుల్" అని రాసేవాళ్లు కూడా వాళ్లలోనే ఉంటారు. భార్య పన్ను చట్టంలో చెప్పిన పన్ను కాదని వాళ్ల ఉద్దేశం కాబోలు.

ఇక మూడో మాట. నిజం రాస్తే ఆమెకే ప్రమాదం. మిత్రుడి వాదంలో నేను గౌరవించే భాగం ఇది. దీన్ని పిరికితనమని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసు అని నమోదయితే పోలీసుస్టేషనుకు కబురు పోతుంది. కానిస్టేబులు వస్తాడు. అతను పిలిచి మాట్లాడేది భర్తతో. ఆ రాత్రి ఆమె తిరిగి వెళ్లవలసింది అదే ఇంటికి. ఆమె "పడ్డాను" అనటంలో ఈ లెక్క అంతా ఉన్నది. ఆమె తెలివితక్కువదై అబద్ధం చెప్పటం లేదు. మనకన్నా బాగా తెలిసే చెబుతున్నది.

అయితే దీనిలోంచి "అంచేత నేనేమీ అడగను" అన్న ముగింపు రాదు. రావలసింది, అడిగే పద్ధతి మార్చాలని. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 లో వైద్య సిబ్బంది కోసం వెలువరించిన మార్గదర్శకాలలో చెప్పారు. వచ్చిన ప్రతి స్త్రీనీ యాంత్రికంగా ప్రశ్నించనవసరం లేదు గాని, గాయం అనుమానం కలిగించేదిగా ఉంటే అడగాలి. ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. ఆమె మాట వినాలి. ఆమెకు ఏం కావాలో కనుక్కోవాలి. చెప్పింది నమ్ముతున్నట్టు, తప్పు ఆమెది కాదన్నట్టు తెలియజెయ్యాలి. ఆమె క్షేమం సంగతి ఆమెతోనే ఆలోచించాలి. సాయం దొరికే చోటు చూపించాలి. ఆమె కాదంటుంటే పోలీసులకు చెప్పటం తప్పనిసరి చెయ్యటాన్ని ఆ సంస్థ సమర్థించలేదు.

మన ఆసుపత్రిలో ఇది ఎలా జరగాలి? భర్తను ఎక్స్‌రే చీటీ రాయించుకు రమ్మనో, మందులు తెమ్మనో బయటికి పంపటం ఏ నర్సుకయినా చేతనయిన పనే. అప్పుడు, "ఎవరు కొట్టారు?" అని నిలదియ్యకూడదు. "ఇలాంటి దెబ్బలు ఇంట్లో ఎవరైనా కొట్టినప్పుడు తగలటం మేము చూస్తుంటామమ్మా. మీకు అలా ఏమన్నా జరిగిందా?" అనాలి. ఆమె లేదంటే లేదని ఒప్పుకోవాలి. "ఎప్పుడయినా చెప్పాలనిపిస్తే రండి" అని ఊరుకోవాలి. ఆ మాట ఆమెకు మూడు నెలల తరవాత పనికిరావచ్చు.

రాయటం విషయంలో నా అభిప్రాయం ఇది. గాయం వైద్యుడిది, కథ ఆమెది. గాయం ఏ పక్క ఉన్నదీ, ఎంత పొడుగు, ఎంత లోతు, ఏ ఆకారం, ఏ రంగు, ఏ పన్ను కదులుతున్నదీ - ఇవి పూర్తిగా రాసి తీరాలి. ఆమె ఒప్పుకుంటే ఫొటో తియ్యాలి. ఇందులో దాపరికానికి ఆయనకు హక్కు లేదు. ఆమె చెప్పిన మాట ఆమె మాటగానే, వీలయితే తెలుగులోనే రాయాలి. "భర్త ఇత్తడి చెంబుతో ఎడమ చెంప మీద కొట్టాడని చెబుతున్నది" అని రాయటానికీ "దాడి" అని ఒక్క ముక్క రాయటానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది. ఆమె పడ్డానంటే, పడ్డానని చెబుతున్నదని రాసి, గాయాలు ఆ మాటకు పొసగటం లేదని తాను చూసింది కింద రాయాలి. ఆమె చెప్పనిది ఆమె నోట పెట్టకూడదు. తాను నమ్మనిది తన సంతకం కింద పెట్టకూడదు. ఏ కాగితం ఎక్కడికి పోతుందో, ఎవరు చదువుతారో ముందుగా ఆమెకు చెప్పాలి.

2005 లో వచ్చిన గృహహింస చట్టం వైద్యుణ్ణి ఈ చిక్కులోంచి కొంతవరకు బయటపడేసింది. ఆ సంగతి వైద్యులలో చాలామందికి తెలియకపోవటమే విచారం. ఆ చట్టం ఏడో సెక్షను ప్రకారం ఆసుపత్రి ఆమెకు వైద్యం చేసి తీరాలి. 2006 నాటి నిబంధనల ప్రకారం, ముందుగా ఎక్కడా ఫిర్యాదు ఇవ్వలేదనే సాకుతో వైద్యం నిరాకరించటానికి వీల్లేదు. గృహహింస నివేదిక అంతకుముందు తయారు కాకపోతే ఆసుపత్రివాళ్లే దాన్ని నింపి రక్షణాధికారికి పంపాలి. వైద్య పరీక్ష నివేదిక నకలు ఆమెకు ఉచితంగా ఇవ్వాలి.  ఆ చట్టం కింద ఆమె ముందుగా కోరగలిగింది మొగుణ్ణి జైల్లో పెట్టించటం కాదు. తనను కొట్టకుండా ఉత్తరువు, ఉన్న ఇంట్లోంచి తనను వెళ్లగొట్టకుండా ఉత్తరువు. చాలామంది స్త్రీలకు కావలసింది అదే. "నా మొగుడికి శిక్ష వద్దు, నన్ను కొట్టకుండా ఉంటే చాలు" అనే స్త్రీని చూసి మనవాళ్లు బానిసబుద్ధి అని ఈసడిస్తారు. పిల్లల ఫీజులూ ఇంటద్దే లెక్క చూసుకుంటే అందులో బుద్ధి ఉన్నది గాని బానిసత్వం లేదు.

అయితే నివేదిక "పంపాలి" అనే నిబంధనకూ, ఆమె ఇష్టం లేకుండా ఏమీ చెయ్యరాదన్న సూత్రానికీ మధ్య పేచీ ఉన్నది. లేదని నేను బుకాయించను. ఆమెకు ముందుగా చెప్పి, భయం ఎక్కడ ఉన్నదో కనుక్కుని, రక్షణాధికారి ఆమె ఇంటి తలుపు తట్టే ముందు ఆమె క్షేమం సంగతి చూసే ఏర్పాటు చెయ్యనిదే కాగితం పంపటం, చట్టాన్ని అక్షరాలా పాటించి మనిషిని బావిలో తొయ్యటమే.

దీనికి వ్యతిరేకమైన తప్పు చేసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు సాధారణంగా మన అభిమానులే, ఆవేశపరులైన యువ వైద్యులు. గాయం చూడగానే మండిపడి భర్తను వరండాలోనే నిలదీస్తారు. "నేనుండగా ఈమెను ఇంటికి పంపను" అంటారు. వాళ్ల డ్యూటీ తెల్లవారి ఎనిమిదింటికి అయిపోతుంది. ఆ భర్త "మా ఇష్టప్రకారం తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టి ఆమెను తీసుకుపోతాడు. దవడ అతకకుండానే ఉండిపోతుంది. రెండోసారి దెబ్బ తగిలినప్పుడు ఆమెను ఆ ఆసుపత్రికి తీసుకురారు. ఇంట్లో అతను ఆమె బదులు నిర్ణయాలు చేశాడు. ఇక్కడ ఈయన చేశాడు. ఈయనది మంచి ఉద్దేశమే. కాని ఆమెకు నోరు లేదన్న విషయంలో ఇద్దరికీ అభిప్రాయభేదం లేదు.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చింది" అని సామెత. స్త్రీలను వెక్కిరించటానికి పుట్టిన సామెతే అయినా ఇందులో నిజం ఉన్నది. దెబ్బ ఒక్కడు కొడతాడు. దాన్ని చూసినవాళ్లు రెండో దెబ్బ కొడతారు. ఆసుపత్రిలో ఈ తోడికోడలు వేషం చాలామంది వేస్తారు. "ఏం చేశావమ్మా అంత కోపం రావటానికి?" అనే ఆయా, "సర్దుకుపోవాలి తల్లీ" అనే నర్సు, చూసి చూడనట్టు కుట్లు వేసే డాక్టరు. వీళ్లను తిట్టి లాభం లేదు. 2019-21 లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టటం సబబేనన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం ఉన్నారు. దేశం మొత్తం మీద 45 శాతం. చెప్పకుండా బయటికి పోవటం, వంట సరిగా చెయ్యకపోవటం, ఎదురు చెప్పటం - ఇలాంటివే ఆ కారణాలు. ఆ సర్వేలోనే, హింసకు గురయిన స్త్రీలలో ఎవరినో ఒకరిని సాయం అడిగినవాళ్లు దేశంలో 14 శాతమే. నర్సూ, ఆయా, డాక్టరూ ఆ 84 మందిలోంచే వస్తారు. తెల్లకోటు తొడిగినంతమాత్రాన ఎవరి మనసూ కడిగిన అద్దమయిపోదు. ఆ నర్సు చేతిగాజుల కింద ఏ మచ్చ ఉన్నదో మనకు తెలియదు.

అంచేత దీన్ని వ్యక్తుల మంచితనానికి వదిలితే జరిగే పని కాదు. ముంబయిలో బాంద్రాలోని భాభా మునిసిపల్ ఆసుపత్రిలో 2000 లో "దిలాసా" అని ఒక విభాగం పెట్టారు. సెహత్ అనే పరిశోధన సంస్థా, ముంబయి నగరపాలక సంస్థా కలిసి చేసిన పని అది. దాని ముఖ్యసూత్రం చాలా సాదా అయినది. దెబ్బలు తిన్న స్త్రీ పోలీసుస్టేషనుకు పోకపోవచ్చు, సంఘాల దగ్గరికి పోకపోవచ్చు గాని, ఆసుపత్రికి మాత్రం రాక తప్పదు. అంచేత ఆసుపత్రిలోనే ఒక గది ఉండాలి. మాట్లాడే మనిషి ఉండాలి. డాక్టర్లకూ నర్సులకూ గాయాన్ని గుర్తుపట్టి ఆ గదికి పంపటం నేర్పాలి. తరవాత కేరళ ప్రభుత్వం "భూమిక" పేరుతో తన ఆసుపత్రులలో ఇలాంటివి పెట్టింది. 2015 నుంచి దేశమంతటా "సఖి" కేంద్రాలు వచ్చాయి, 181 నంబరు వచ్చింది. వీటిని చిన్నచూపు చూడను. కాని సఖి కేంద్రం ఉన్నదని క్యాజువాలిటీ డాక్టరుకు తెలియనంతకాలం, ఆ కేంద్రం ఆమెకు పొరుగుదేశంలో ఉన్నట్టే.

ఇక్కడ మన మిత్రులలో కొందరు అడ్డుపడతారని నాకు తెలుసు. ఇదంతా సంస్కరణవాదమంటారు. స్త్రీ పరాధీనతకు మూలం సొంత ఆస్తిలో ఉన్నదని ఎంగెల్స్ 1884 లోనే చూపించాడు గదా, మూలం వదిలి కుట్లూ సూదులూ పట్టుకుని వేళ్లాడటం ఎందుకంటారు. మూలం సంగతి నేనూ ఒప్పుకుంటాను. ఇంటి పట్టా ఎవరి పేర ఉన్నదన్న ప్రశ్నకూ, ఆమె కుట్లు పచ్చిగా ఉండగానే ఆ ఇంటికి ఎందుకు తిరిగి పోతుందన్న ప్రశ్నకూ ఒకటే సమాధానం. కాని విప్లవం వచ్చేదాకా దవడ విరిగిన మనిషిని వరండాలో కూచోమనే సిద్ధాంతం ఏ గ్రంథంలోనూ లేదు. ఫ్యాక్టరీలో వేళ్లు తెగిన కార్మికుడి విషయంలో మనమలా అనం. ప్రమాదానికి కారణం యంత్రానికి తొడుగు లేకపోవటమని డాక్టరు చేత రాయించటానికి యూనియన్లు పోరాడాయి. ఆ పోరాటాన్ని మనం సంస్కరణవాదమని ఎన్నడూ అనలేదు. ఇంట్లో పగిలిన ముఖం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకు మూలకారణాలు గుర్తుకు రావటం అనుమానించదగ్గ విషయం.

1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువుకోవటానికి చేరిన ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది. సారా తాగి ఇంటికొచ్చిన మొగుడు కొట్టటం అంతవరకు "ఇంటి విషయం". ఆడవాళ్లు దాన్ని వీధిలోకి తెచ్చిన తరవాతనే పార్టీలకు అది రాజకీయంగా కనిపించింది. అప్పుడు వెనకబడ్డది ఆ స్త్రీలు కాదు.

వర్గం సంగతి కూడా చెప్పుకోవాలి. డబ్బున్న ఇంటి స్త్రీ సర్కారు ఆసుపత్రికి రాదు. తెలిసిన దంతవైద్యుడి దగ్గరికి కారులో పోతుంది. పన్ను పెట్టించుకుంటుంది. అక్కడ ఏ కాగితమూ పుట్టదు. ఆ వైద్యుడు కుటుంబ మిత్రుడు గనక మర్యాద పాటించి ఏమీ అడగడు. ఆమెకు ఊళ్లో ఉన్న మర్యాదే ఆమెకు ఉరి. ఇళ్లలో పనిచేసుకునే స్త్రీ సంగతి వేరు. కన్ను వాచిన మొహంతో వస్తే, ఇంటికి చుట్టాలొచ్చారు, నాలుగు రోజులు రావద్దంటుంది యజమానురాలు. ఆ నాలుగు రోజుల కూలీ పోతుంది. అంచేత ఆమె కన్ను సగం తెరుచుకోగానే, పమిట చెంగు ముఖం మీదికి లాక్కుని పనికి పోతుంది. మళ్లీ రమ్మన్న రోజున ఆసుపత్రికి రాదు. ఒకటి రెండుగా కనిపిస్తున్నదని ఎవరితోనూ చెప్పదు. కళ్లకేమీ చెయ్యనందువల్ల మెట్లు దిగుతూ నిజంగానే పడుతుంది.

చివరగా, విరిగిన దవడ ఉన్నది. ఇప్పుడు చిన్న లోహపు ప్లేట్లు బిగించి కుదిర్చే పద్ధతి వచ్చింది గాని, పై పళ్లనూ కింది పళ్లనూ తీగతో కలిపి కట్టి నోరు తెరుచుకోకుండా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచటం ఇంకా చాలాచోట్ల ఉన్నది. అన్నాళ్లూ గంజీ, పాలూ, పప్పుకట్టూ గొట్టంతో పీల్చవలసిందే. వాంతి వస్తే ఊపిరి ఆడక చచ్చిపోయే ప్రమాదం ఉన్నది గనక తీగ కత్తిరించే కటింగు ప్లయరు పక్కనే పెట్టుకోమంటారు. ఈ స్థితిలో ఉన్న స్త్రీని, ఆ దవడ విరగ్గొట్టినవాడి ఇంటికి డిశ్చార్జి చేస్తున్నాం. ఆమె కేకపెట్టలేదు. ఆమెకు గంజి కాచి ఇచ్చేవాళ్లెవరో మనకు తెలియదు. ఆ ప్లయరు ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. డిశ్చార్జి చీటీ మీద "ద్రవాహారం" అని మాత్రం ఉంటుంది.

చీటీ రాసేవాడు ఇవన్నీ అడగాలి. ఇంట్లో ఇంకెవరున్నారు? పుట్టింటికి పోయే వీలున్నదా? పక్కింట్లో నమ్మకమైనవాళ్లెవరు? పిల్లవాడికి ప్లయరు వాడటం చూపించవచ్చునా? 181 అని చీటీ మీద రాసి ఇవ్వకూడదు, ఆ చీటీ భర్త చదువుతాడు. నోటితో చెప్పి, గుర్తుపెట్టుకోమనాలి. ఆ ఊరి ఆశా కార్యకర్తను పంపవచ్చు గాని, ఆమె భర్త తరఫు చుట్టమేమో ముందు కనుక్కోవాలి. ముఖం మీద కుట్లు అయిదారు రోజులకే విప్పుతారు. ఆ రోజున భర్త కూడా వస్తాడు. వస్తే అతన్ని మళ్లీ ఏదో చీటీ కోసం పంపాలి. తీగ బిగువు చూడటానికి వారం వారం రమ్మంటారు గనక, వైద్యుడు మొదటిరోజే అన్నీ తేల్చెయ్యాలని తొందరపడనక్కరలేదు. నోరు తెరవలేని మనిషికి ఒక కాగితమూ పెన్సిలూ ఇవ్వాలి. చదువు రాకపోతే, తల ఊపి చెప్పటానికి వీలుగా ప్రశ్నలు అడగాలి. ఒక వారం ఆమె రాకపోతే, ఎందుకు రాలేదో కనుక్కోవటం ఎవరి పని అన్నది ఆ విభాగంలో ముందుగానే పేరు పెట్టి రాసుకోవాలి. ఇప్పుడు అది ఎవరి పనీ కాదు.